నరం తీశాక కూడా మూలిగిన పన్ను

మక్తల్ మార్కెట్ యార్డులో రైతుల సరుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణం పెట్టుకున్నవాడు మొదట నేర్చుకునేది తూకం కాదు, కొరకడం. రైతు బస్తా మూతి విప్పగానే నాలుగు గింజలు అరచేతిలోకి తీసుకుని, ఒకదాన్ని దవడ పంటి కింద పెట్టి నొక్కాలి. టక్కుమని విరిగితే సరుకు ఎండినట్టు. మెత్తగా నలిగితే ఇంకా తేమ ఉన్నట్టు. తేమ చూసే మిషన్లు వచ్చి చాలా కాలమైంది. నా దుకాణంలోనూ ఒకటుంది. కానీ అది చూపే అంకెను రైతు నమ్మడు, మనసులో మాట చెప్పాలంటే నేనూ నమ్మను. నేను కొరికి ఒక మాట చెప్తేనే ఇద్దరికీ తృప్తి.

వడ్లు, కందులు, జొన్నలు, పల్లీలు అన్నింటినీ జీవితమంతా కుడి దవడ కింది పన్ను ఒక్కదానితోనే పరీక్షించాను. మిగతా పండ్లకు ఆ విద్య అబ్బలేదు. అబ్బినదానికి అరిగిపోయే యోగం పట్టింది. ముందు చల్లనీళ్లకు జిల్లుమంది. తర్వాత వేడి చాయకు జిల్లుమంది. చివరికి ఏమీ తాగకపోయినా జిల్లుమనడం మొదలుపెట్టాక, మా ఆవిడ నన్ను బస్సెక్కించి మహబూబ్‌నగర్‌లోని పండ్ల దవాఖానకు తీసుకుపోయింది.

డాక్టరమ్మ మా బిడ్డ ఈడుది. ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూసింది.

"లోపల నరం పాడయింది అంకుల్. రూట్ కెనాల్ చెయ్యాలె."

"పీకేస్తే అయిపోతది గద బిడ్డా?"

"పీకేస్తే దేనితోని తింటరు?"

బెంచీ మీద కూర్చున్న మా ఆవిడ అందుకుంది. "తినుడు కాదమ్మా, దేనితోని కొరుకుతడు అని అడుగు. నేను వండింది తినకున్న ఉంటడు గని, మందివి గింజలు కొరకకుంట ఉండడు."

మత్తు సూది వేసి, సన్నటి తీగల్లాంటి వాటితో పన్ను లోపలంతా శుభ్రం చేసి, పైన తాత్కాలికంగా సిమెంటు లాంటిది పెట్టింది. మత్తు దిగాక రెండు మూడు రోజులు నొస్తుందని, గోలీలు వేసుకోవాలని, బయటినుంచి ఐసు పెట్టుకోవాలని, వేడి కాపడం మాత్రం పెట్టవద్దని చెప్పింది. మళ్లీ వచ్చి క్యాప్ వేయించుకునే దాకా ఆ పక్క ఏదీ నమలవద్దని రెండు సార్లు చెప్పింది. రెండోసారి నన్ను చూసి కాదు, మా ఆవిడను చూసి చెప్పింది.

తిరుగు బస్సులో కండక్టర్ వచ్చినప్పుడు మా ఆవిడ కొంగు ముడి విప్పి ఆధార్ కార్డు చూపించింది. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక ఆ కార్డు ఆమె కొంగులోనే ఉంటోంది. నేను టికెట్ కొనుక్కున్నాను. బస్సు కదిలాక ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది.

"శుక్రవారం పొద్దుగాల మొదటి బస్సుకు గుట్టకు పోతున్నం. మా వాడకట్టు ఆడోళ్లందరం. ఒక రాత్రి నిద్ర జేసి, శనివారం మాపటికల్ల వస్త."

అది అడగడం కాదు, చెప్పడం. నా నోరు సగం మొద్దుబారి ఉంది కాబట్టి జవాబు చెప్పే అవకాశం లేకపోయింది.

ఆ యాదగిరిగుట్ట మొక్కు సంగతి ఇక్కడ చెప్పాలి. మా బిడ్డ కాన్పు కష్టమైనప్పుడు, తల్లీపిల్లా క్షేమంగా బయటపడితే గుట్ట మీద ఒక రాత్రి నిద్ర చేస్తానని మా ఆవిడ మొక్కుకుంది. ఇద్దరూ క్షేమంగా బయటపడ్డారు. ఆ పుట్టిన పిల్ల ఇప్పుడు వీపుకు సంచి తగిలించుకుని బడికి పోతోంది. మొక్కు మాత్రం అలాగే ఉంది. అడిగినప్పుడల్లా "బస్సుల ఏం పోతవ్, నేను కారు మాట్లాడి తీస్కపోత" అనేవాణ్ణి. ఒక ఏడు కందుల సీజన్ అడ్డం వచ్చింది, ఒక ఏడు వడ్ల సీజన్. సీజన్ లేని ఏడు ఎండలు. నిజానికి ఏదీ అడ్డం రాలేదు. ఇంట్లో ఆమె లేని పూటను తలచుకోవడం నాకు ఇష్టం లేదు, అంతే. టికెట్ డబ్బులు నా జేబులో ఉన్నంతకాలం ఆ గుట్ట కూడా నా జేబులోనే ఉండేది. ఇప్పుడది ఆమె కొంగులోకి మారింది. నా చేతిలో మిగిలింది పంటి నొప్పి ఒక్కటే.

మరికల్ దాటుతుండగా మత్తు దిగింది. నొప్పి వచ్చింది. ఇందులో అబద్ధం లేదు. దవడలో ఎవరో చిన్న సుత్తి పట్టుకుని, పని మీద మంచి శ్రద్ధ ఉన్నవాడిలాగా ఆగకుండా కొడుతున్నట్టుంది. ఇంటికి చేరగానే డాక్టరమ్మకు ఫోన్ చేశాను.

"నరం తీసేసినవు గద బిడ్డా, ఇంక ఈ నొప్పి ఎవలికి అయితాంది?"

ఆమె నవ్వింది. "నరం తీసినా పన్ను చుట్టు ఉన్న ఎముక, చిగురు మీదే గద అంకుల్. అవి మానేదాక నొస్తది. గోలీ వేసుకొని పండుకోండి."

మర్నాడు బుధవారం పగలంతా మా ఆవిడ నా చుట్టూనే తిరిగింది. జొన్న రొట్టె నమలలేనని పలచగా గట్క కాచింది. పాత తువాలలో ఐసు ముక్కలు చుట్టి దవడకు ఆనించింది. గోలీల వేళ నాకంటే ఆమెకే బాగా గుర్తుంది. గుట్టకు సర్దుకునే సంచి మేకుకు వేలాడుతూనే ఉంది, సగం నిండి. ఆ సంచి వైపు చూసినప్పుడల్లా నా నొప్పి కొంచెం పెరిగేది.

సాయంత్రానికి నొప్పి సగం తగ్గింది. మూలుగు మాత్రం తగ్గలేదు. నొప్పి ఖాళీ చేసిన జాగాలోకి మూలుగే మెల్లగా వచ్చి కూర్చుంది. నేను దానికి తలుపు తీశాను. ఆమె వంటింట్లో ఉంటే గోడ దాటి వినిపించే మూలుగు ఒకటి. దగ్గరికి వస్తే, చెప్పుకోలేక మింగుకుంటున్నట్టు ముక్కులోంచి వదిలేది మరొకటి. పక్కింటావిడ వచ్చి శుక్రవారం ప్రయాణం మాట ఎత్తితే, మాట మధ్యలో సరిగ్గా పడేటట్టు వేసే పొట్టి మూలుగు ఇంకొకటి. ఇవన్నీ ముందే ఆలోచించి చేశానని కాదు. కానీ చేస్తున్నప్పుడు నాకు తెలుసు. తెలిసి కూడా ఆపలేదు.

ఇక మందలించడానికి, అంటే బాగోగులు అడిగి పోవడానికి, వచ్చేవాళ్లు మొదలయ్యారు. మా దిక్కు ఎవరైనా దవాఖానకు పోయి వచ్చారని తెలిస్తే, బ్రెడ్డు ప్యాకెటో అరటిపండ్లో పట్టుకుని వెళ్లి పలకరించి రావాలి. పోకపోతే మాట పడాలి. ఏమైందని వాళ్లు అడిగినప్పుడు "పంటికి సిమెంటు పెట్టిచ్చుకున్న" అంటే సరిపోయేది. నేను మంచం మీద ఒరిగి, కళ్లు సగం మూసి, "నరం తీసిన్రు" అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు. ఎక్కడి నరం అని చెప్పలేదు, అంతే. ఆ మాట మా ఇంటి గడప దాటి యార్డుకు పోయి, యార్డు నుంచి పల్లెలకు పోయే ఆటోలెక్కి, ఆత్మకూర్‌లో ఉండే మా అక్కను చేరేసరికి నాకు నోరు పడిపోయింది.

గురువారం పొద్దున మా అక్క వాకిట్లోనే ఏడుపు మొదలుపెట్టింది.

"అయ్యో తమ్ముడా! నోరు పడిపోయిందంట గదరా! గింత జరిగితే నాకొక ఫోన్ చెయ్యకపోతిరి గదరా!"

అప్పుడు నేను మంచం మీద కూర్చుని చాయలో బ్రెడ్డు ముంచుకుని తింటున్నాను. నన్ను చూసి ఆమె ఏడుపు గొంతులోనే ఆగిపోయింది.

"నోరు కాదక్కా, పన్ను."

"పన్నా?"

"దవడ పన్ను."

"నీ పన్ను పాడుగాను! బస్సుల పొడుగుత ఏడ్సుకుంట వచ్చినరా! పక్క సీట్ల ఉన్న ఆమె ఎవలో గని నాకు నీళ్లు గూడ తాపింది."

ఆ తర్వాత వైద్యం మొదలైంది. లవంగం నమలమంది. వద్దంటే పొగాకు అదిమిపెట్టమంది. అదీ వద్దంటే ఈతకల్లు పుక్కిలించమంది. "పుక్కిలించినంక ఉమ్మాల్నా, మింగాల్నా?" అని అడిగాను. వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు వినబడింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు, అందుకని వెంటనే దవడ పట్టుకున్నాను. అక్క ముఖం మళ్లీ మెత్తబడింది. వంటింటి వైపు తిరిగి కొంచెం గట్టిగానే అంది.

"మొగోడు గిట్ల మూలుగుతుంటె ఇడిసిపెట్టి గుట్టకు ఎట్ల పోతవ్ మరదలా? దేవుడు యాడికి పోతడు, వచ్చే ఏడు పోవచ్చు గద."

మా ఆవిడ బయటికి వచ్చి అక్క చేతిలో చాయ పెట్టింది. "అదే అనుకుంటున్న వదినె" అంది. పొద్దు ఎక్కాక అక్క వెళ్లిపోయింది. అప్పుడు మా ఆవిడ పెరట్లో గోడ దగ్గరికి పోయి పక్కింటావిడతో చెప్పడం నాకు వినబడింది.

"నేను వస్తలేను అక్కా. మీరు పోయి రాండ్రి. ఈయన సంగతి జూస్తున్నవు గద."

"మల్లనా? పోయినేడు గూడ గిట్లనే అంటివి."

"ఏం జేద్దాం మరి."

నేను గెలిచాను. గెలిచినట్టు తెలిసిన ఆ క్షణం మూలుగు దానంతటదే ఆగిపోయింది. ఇక దానితో పని లేదు. మంచం మీద పడుకుని పైకప్పు చూస్తుంటే గెలుపు ఏమంత రుచిగా అనిపించలేదు. ఆమె మేకు మీది సంచి దించి, అందులోంచి మడత పెట్టిన చీరను తీసి బీరువాలో పెట్టింది. విసురు లేదు, సణుగుడు లేదు. అలవాటైన పని చేస్తున్నట్టు చేసింది. లేచి "నువ్వు పో, నాకు బాగానే ఉంది" అంటే ఆరు మాటలు కూడా కావు. అవి నా నోట్లోంచి రాలేదు. నోరు నొప్పిగా ఉండి రాలేదని అనుకోవడానికి కూడా అప్పుడు వీల్లేదు.

పొద్దు వాలుతుండగా ఒక రైతు వచ్చాడు. ఏటా నా దుకాణానికే సరుకు తెచ్చేవాడు, నన్ను మామా అని పిలుస్తాడు. అరటిపండ్లు మంచం మీద పెట్టి, "ఎట్లున్నది మామా?" అని అడిగాడు. నేను చెయ్యి అటూ ఇటూ ఊపాను. పాపం అన్నట్టు తలాడించాడు. కాసేపు ఈ మాటా ఆ మాటా అయ్యాక, తువాల కొస విప్పి నాలుగు కందులు నా అరచేతిలో పోశాడు.

"జర జూడు మామా. రేపు యార్డుకు తెద్దామనుకుంటున్న. ఎండినయా, ఇంకో ఎండ కొట్టాల్నా?"

తర్వాత జరిగిందానికి నా చెయ్యి, నా దవడ బాధ్యత వహించాలి, నన్ను ఎవరూ అడగలేదు. చెయ్యి నోటికి పోయింది. గింజ నేరుగా తనకు తెలిసిన పంటి కిందికి పోయింది. టక్కుమంది.

"ఎండినయి, తెచ్చుకో" అన్నాను. గొంతు ఖంగుమంది. రెండు రోజుల్లో నా నోటినుంచి అంత స్పష్టంగా వచ్చిన మాట అదే.

తలెత్తి చూస్తే గడప దగ్గర మా ఆవిడ, చేతిలో చాయ కప్పుతో.

ఆమె చాయ ఆ రైతుకిచ్చింది, ఇంట్లోవాళ్ల బాగోగులు అడిగింది, వాకిలి దాకా సాగనంపింది. తిరిగివచ్చి నా ఎదురుగా నిలబడింది.

"ఎండినయా?"

"ఎండినయి."

"మంచిది."

బీరువా తలుపు చప్పుడైంది. చీర మళ్లీ సంచిలోకి పోయింది. పెరట్లోంచి ఆమె గొంతు వాడకట్టంతా వినబడేటట్టు లేచింది. "అక్కా! నేను గూడ వస్తున్న! పొద్దుగాల నన్ను లేపుడు మర్వకు!"

సరిగ్గా అప్పుడు నాలుకకు ఇసుకలాగా ఏదో తగిలింది. ఉమ్మి చూస్తే సిమెంటు ముక్క. టక్కుమన్నది ఒక్క గింజే కాదని తెలిసింది. ఆ వెనకే సుత్తివాడు తిరిగి వచ్చాడు. ఈసారి పెద్ద సుత్తి తెచ్చాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక్క మూలుగు, నిన్న సాయంత్రం నుంచి మొట్టమొదటి నిఖార్సయిన మూలుగు, నన్ను అడగకుండానే బయటికి వచ్చింది.

"ఇంకో గింజ ఇయ్యమన్నవా?" అంది ఆమె వంటింట్లోంచి.

ఆ సిమెంటు ముక్క నా అరచేతిలో ఉంది. తీసుకుపోయి చూపిస్తే నమ్ముతుంది. నమ్మితే సంచి మళ్లీ ఖాళీ అవుతుంది. ముక్కను కిటికీలోంచి పారేసి, గోలీ వేసుకుని, గోడ వైపు తిరిగి పడుకున్నాను. నొప్పిని దాచుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. లేని నొప్పిని చూపించడం దానికంటే చాలా సులువు.

శుక్రవారం తెల్లవారేసరికి ఆమె తలంటుకుని తయారై ఉంది. స్టీలు డబ్బాలో నాకు అంబలి పోసిపెట్టింది. పోతూ పోతూ లైటు వేసి నా ముఖం చూసింది. సంచి కింద పెట్టేసింది.

"దవడ వాచింది గద!"

"ఆ పక్కకు ఒరిగి పండుకున్న."

"నిజంగనే నొస్తాందా?"

వాకిట్లోంచి పక్కింటావిడ కేక. "ఏమే, వస్తున్నవా లేదా? బస్సు పోతది!"

రాత్రంతా నేను ఒక నవ్వు ముఖం తయారు చేసి పెట్టుకున్నాను. ఇంతింత వేషాలు వేసినవాడికి ఇంకొకటి ఎంత అనుకున్నాను. కానీ ఆమె నా ముఖంలోకి చూస్తుంటే ఆ నవ్వు రాలేదు. మంచం మీద లేచి కూర్చున్నాను.

"నొస్తాంది. నిజంగనే నొస్తాంది. నిన్న గింజ కొరికి సిమెంటు పలగ్గొట్టుకున్న. అంతకుముందు మూలిగింది ఉత్తదే. బుధవారం మాపటి సంది ఉత్తదే. నువ్వు గుట్టకు పోవద్దని మూలిగిన. నీ బస్సు పోయినంక నేను మహబూబ్‌నగర్ పోయి చూపిచ్చుకుంట. నువ్వు పో."

బయట పక్కింటావిడ మళ్లీ కేకేసింది.

"ఉత్త మూలుగుకు ఆగినదాన్ని, అసలు నొప్పికి ఇడిసిపెట్టి పొమ్మంటవా?"

"అవు."

"నీకు పంటికి కాదు, తలకాయకు చెయ్యాలె గా రూట్ కెనాల్."

సంచి తీసి భుజానికి తగిలించుకుంది. గడప దాటి మళ్లీ వెనక్కి వచ్చింది. "ఐసు డబ్బా నింపి పెట్టిన. ఆ డాక్టరమ్మకు గింజ సంగతి దాయకు. కొరికిన అని చెప్పు." అని నా వాచిన దవడ మీద అరచేయి ఒక్కసారి ఆనించి తీసేసింది. పోయింది.

వాళ్ల బస్సు పోయాక తర్వాతి బస్సులో నేను మహబూబ్‌నగర్ పోయాను. డాక్టరమ్మ నోట్లోకి దీపం వేసి చూసి, "ఏం తిన్నరు అంకుల్?" అంది.

"తినలే బిడ్డా, కొరికిన."

మొత్తం సంగతి చెప్పాను, మూలుగులతో సహా. అంత అవసరం లేదు, కానీ ఒకసారి మొదలుపెట్టాక ఆగలేకపోయాను. ఆమె మాస్కు వెనక నవ్విందో కోప్పడిందో తెలియలేదు. మళ్లీ శుభ్రం చేసి, కొత్త సిమెంటు పెట్టి, ఎత్తుగా ఉన్నచోట అరగదీసి, వాపుకు వేరే గోలీలు రాసింది. "ఆంటీ రాలేదా?" అని అడిగింది. "గుట్టకు పోయింది" అన్నాను. ఆ మాట చెప్తుంటే, పంపించింది నేనే అన్నట్టు నాలో ఒక చిన్న గర్వం తలెత్తింది. మత్తుతో మొద్దుబారిన పెదవిని కొరుక్కుని దాన్ని లోపలికి తోశాను. పంపింది నేను కాదు. ఆపలేకపోయాను, అంతే.

చీకటి పడ్డాక ఆమె ఫోన్ చేసింది. వెనక ఆడవాళ్ల మాటలు, నవ్వులు. దర్శనం బాగా అయిందట. నల్లరాతి స్తంభాలు కొత్తగా ఉన్నా ఎప్పటివో అన్నట్టున్నాయట. పక్కింటావిడ చెప్పులు పోగొట్టుకుని, దేవుడికే ఇచ్చానని చెప్పుకుంటోందట. గుట్ట మీద గాలి చల్లగా ఉందట, కప్పుకోవడానికి దుప్పటి చాలదట. ఆమె ఇన్ని మాటలు ఒక్కసారిగా చెప్పడం నేనెప్పుడు విన్నానో గుర్తు చేసుకుంటూ విన్నాను.

"పన్ను ఎట్లున్నది?"

"నొస్తాంది. మూలుగుతలేను."

"మూలుగు, మూలుగు. ఎవ్వలు లేరు గద."

దవడ జాగ్రత్తగా కదుపుతూ అన్నాను. "ఇంకో రాత్రి ఉండబుద్ధయితే ఉండు."

అవతల ఆడవాళ్ల నవ్వులు దూరమయ్యాయి. ఆమె ఫోన్ పట్టుకుని పక్కకు వచ్చినట్టుంది.

"ఉండమంటున్నవా, ఉంటనా అని అడుగుతున్నవా?"

"నీ ఇష్టం అంటున్న."

"చూస్త" అంది.

శనివారం పగలంతా దవడకు ఐసు పెట్టుకుని ఇంట్లో ఒక్కణ్ణే కూర్చున్నాను. మధ్యాహ్నం ఒకటి రెండు సార్లు పైకి మూలిగి చూశాను. వినేవాళ్లు లేకపోతే మూలుగుకు దమ్ము చాలదు, సగంలోనే ఆగిపోతోంది. అప్పటికే నొప్పి కూడా తన పని ముగించుకుని సర్దుకుంటోంది. సాయంత్రం ఆమె వస్తుందనుకున్న వేళకు వాకిట్లో కూర్చున్నాను. బస్సు వచ్చిన చప్పుడైంది. ఎవరెవరో దిగి ఎవరి ఇళ్లకు వాళ్లు పోయారు. ఆమె రాలేదు.

కాసేపటికి ఫోన్ మోగింది. "రేపొస్తం" అంది. అంతే, వివరం చెప్పలేదు.

"మంచిది" అన్నాను. ఆ మాట నిజంగా అన్నానో, అలవాటుగా అన్నానో నాకు ఇప్పటికీ తెలియదు. అంబలి అయిపోయింది. లోపలికి పోయి, ఆమె ఎక్కడ ఏం పెడుతుందో డబ్బాలన్నీ తెరిచి చూసి, జొన్న రవ్వ దొరికాక గట్క పెట్టుకున్నాను. అడుగంటింది. పైన గడ్డలు కట్టింది. తిన్నాను.